చైనీస్ చదువుకు తెలుగు తోడుంది

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. మీది పలమనేరు. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమం. ఉత్తరాదిలో ఒక విశ్వవిద్యాలయంలో బి.ఎ. చైనీస్‌లో చేరి ఆరు వారాలైంది. తరగతిలో కొందరికి ముందే కొంత వచ్చు, మీకు ఏమీ రాదు. పాఠమంతా ఇంగ్లీషులో నడుస్తోంది. గొంతు ఎత్తుపల్లాలతో మాట అర్థాన్ని మార్చే నాలుగు స్వరాలూ చెవికి ఒకేలా వినిపిస్తున్నాయి. దసరా సెలవులకు ఇంటికి వచ్చారు, తిరిగి వెళ్ళాలా, మానేసి తిరుపతిలో మామూలు డిగ్రీలో చేరాలా అని ఆలోచిస్తున్నారు. టమాటా మండీలో వ్యాపారం చేసే మీ నాన్నగారు, ఈ చదువుతో బతుకు ఎలా గడుస్తుందని అడుగుతున్నారు.

తిరిగి వెళ్ళండమ్మా. సెలవులు అయిపోయేలోగా మీకు కావలసిన జవాబు ఇదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకు వెళ్ళాలో, వెళ్ళాక ఏమి చేయాలో ఇక నిదానంగా చెబుతాను.

మాది చంద్రగిరి. ఇరవై ఏళ్ళ కిందట ఒక్క చైనీస్ మాట రాకుండా ఇలాంటి బి.ఎ.లోనే చేరాను. తరువాత ఎం.ఎ., చైనాలో ఒక ఏడాది, శ్రీసిటీలోనూ చెన్నై చుట్టుపక్కలా దుబాసీ పని. ఇప్పుడు పాఠాలు చెబుతున్నాను. మన పిల్లలు చైనీస్‌లో పడే కష్టంలో సగం దాన్ని ఇంగ్లీషు గుండా నేర్చుకోవడం వల్ల వచ్చేదేనని ఇన్నేళ్ళకు నాకు గట్టిగా అనిపిస్తోంది. తెలుగు గుండా వెళితే చాలా తలుపులు తెరిచే ఉంటాయి. ఆ సంగతి నాకు రెండో ఏడాదికి గాని తెలియలేదు. మీకు రెండో నెలలోనే తెలియాలని ఇంత పొడవుగా రాస్తున్నాను.

ముందే కొంత వచ్చిన తోటివారి గురించి బెంగ పెట్టుకోకండి. మన దేశంలో చైనీస్ డిగ్రీలు సున్నా నుంచి మొదలయ్యేవారి కోసమే ఏర్పడ్డాయి. 1937లో శాంతినికేతన్‌లో చీనా భవన్ మొదలైనప్పటి నుంచి జె.ఎన్.యు. వరకు, ఇంటర్ దాటి వచ్చే మన పిల్లల్లో చైనీస్ ముందే వచ్చినవారు ఎప్పుడూ కొద్దిమందే. ఆ కొద్దిమంది ఆధిక్యం మొదటి ఏడాది చివరికి కరిగిపోవడం నేను ప్రతి బృందంలోనూ చూశాను. పైగా వారిలో కొందరు తప్పు ఉచ్చారణతో వస్తారు. దాన్ని వదిలించుకోవడం కొత్తగా నేర్చుకోవడం కంటే కష్టం.

ఇక ధ్వనుల సంగతి. మీ అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది. 1958 నుంచి చైనాలో అధికారికంగా వాడుతున్న పిన్‌యిన్ అనే రోమన్ లిపి పద్ధతి మీ ముందు ఉంది. అందులో ఇంగ్లీషు 'బి' అక్షరం చూడగానే మీరు 'బ' అంటారు, 'డి' చూడగానే 'డ' అంటారు. చైనీస్‌లో అసలు బ, డ, గ లు లేవు. ఆ 'బి' మన ప. 'పి' అని రాసింది ఒత్తు ప, అంటే పుస్తకాల్లోని ఫ. అలాగే 'డి' మన త, 'టి' మన థ. 'జి' మన క, 'కె' మన ఖ. తేడా అంతా అల్పప్రాణం, మహాప్రాణంలోనే. ఇంగ్లీషు పుస్తకం దీన్ని అర పేజీలో వివరించి గందరగోళం చేస్తుంది. ఒకటో తరగతి వర్ణమాలలో ఇది మీకు ఎప్పుడో చెప్పారు.

నాకు దీన్ని విప్పి చెప్పింది చైనీస్ గురువు కాదు. మొదటి ఏడాది సెలవుల్లో మా నాన్న నన్ను తిరుపతిలో సంస్కృతం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఒక మాస్టారి దగ్గరికి పంపారు. ఆయనకు చైనీస్ ఒక్క ముక్క రాదు. నేను పిన్‌యిన్ పట్టిక చూపించి, క్యాసెట్ వినిపించాను. రెండుసార్లు విని, పాత క్యాలెండర్ నుంచి వేలెడంత కాగితం చింపి నా పెదవుల ముందు వేలాడదీశారు. "ప అను" అన్నారు. కాగితం కదలలేదు. "ఫ అను" అన్నారు. కదలలేదు. మనలో చాలామందిలాగే నేనూ ఫ అంటే పంటితో పెదవి నొక్కి పలికే ధ్వని అనుకుంటున్నాను. ఆయన రెండు పెదవులూ మూసి, ఊపిరి బిగబట్టి 'ఫలం' అన్నారు. కాగితం ఎగిరి ఆయన ముక్కుకు తగిలింది. ఆ రోజు సాయంత్రం వరకు ప, ఫ, త, థ, క, ఖ. కాగితం కదలకూడని చోట కదలకుండా, ఎగరాల్సిన చోట ఎగిరేలా. నెల తరువాత తరగతికి వెళితే మా గురువుగారు నన్ను లేపి మళ్ళీ చదవమన్నారు, ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగారు.

ఆ మాస్టారే చూపించిన మరో నిధి శ, ష, స. మనం మాటల్లో ఈ మూడింటినీ కలిపేస్తున్నాము గాని చైనీస్‌లో మూడూ మూడు వేర్వేరు మాటలు చేస్తాయి. పిన్‌యిన్‌లో 'ఎక్స్' అక్షరంతో రాసేది శ, నాలుక మధ్యభాగం అంగిలికి దగ్గరగా లేచి. 'ఎస్‌హెచ్' అని రాసేది ష, నాలుక కొన పైకి మడిచి. 'ఎస్' మామూలు స. ఇక చ సంగతి. 'చాప' అన్నప్పటి చ వేరు, 'చిలుక' అన్నప్పటి చ వేరు అని తెలుగువారికి ఎవరూ నేర్పనక్కరలేదు. చాపలోని దంత్య చకారం పిన్‌యిన్‌లోని 'జెడ్'. చిలుకలోని చకారం 'జె'. ఇవే రెండూ ఊపిరి ఒత్తి పలికితే 'సి', 'క్యూ' అవుతాయి. నాలుకను ట స్థానంలో పెట్టి చ అనడానికి ప్రయత్నిస్తే 'జెడ్‌హెచ్' వస్తుంది. 'ఆర్' ఒక్కటే తెలుగులో లేదు, కానీ మన చిత్తూరు వైపు తమిళం వినని చెవి ఉండదు కదా. తమిళులు 'తమిళ్' అన్నప్పుడు చివర పలికే ధ్వని దానికి చాలా దగ్గర.

ఈ పోలికలు పూర్తిగా కాకతాళీయం కావు. టాంగ్, సాంగ్ వంశాల కాలంలో చైనా పండితులు తమ భాషలోని హల్లులను పెదవులవి, దంతాలవి, కంఠానివి అంటూ పుట్టే స్థానాన్ని బట్టి వర్గాలుగా పేర్చి 36 హల్లుల పట్టిక తయారుచేశారు. ఆ పద్ధతి బౌద్ధ గ్రంథాలతో పాటు అక్కడికి చేరిన సంస్కృత వర్ణమాల చలవే. మీ పట్టిక వారికి పనికొచ్చింది, దాన్ని మీరు పక్కన పెట్టడం ఎందుకు?

తెలుగు వల్ల వచ్చే ఇబ్బందులు రెండున్నాయి, అవీ చెప్పాలి. మనది అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష. బస్ అన్నా కార్ అన్నా చివర ఉకారం చేర్చి బస్సు, కారు చేసుకుంటాము. చైనీస్‌లో న్‌తో ముగిసే మాటకు ఆ ఉకారం చేరిందా, వినేవారికి అది మరో మాటలా తోస్తుంది. అలాగే న్‌తో ముగిసే మాట, ఙ్‌తో ముగిసే మాట వేర్వేరు. వర్ణమాలలో మనం వల్లించి వదిలేసే ఙ అక్కడ రోజూ కావాలి. రెండోది, మనం ప్రశ్న అడిగేటప్పుడు చివర గొంతు పైకి లేపుతాము. చైనీస్‌లో అలా లేపితే చివరి మాట స్వరం మారిపోతుంది. ప్రశ్న అని చెప్పడానికి వారికి చివర 'మా' అనే చిన్న మాట ఉంది. గొంతు లేపనక్కరలేదు.

స్వరాల దగ్గరికి వద్దాము. ఒకటోది పైశ్రుతిలో నిలకడగా సాగుతుంది. రెండోది, ఫోనులో సరిగా వినపడక "ఆఁ?" అన్నట్టు కింది నుంచి పైకి లేస్తుంది. మూడోది గొంతు అడుగుకు దిగి ఉంటుంది, ఆలోచిస్తూ "ఊఁ..." అన్నట్టు. నాలుగోది పిల్లవాణ్ణి "పో!" అని కసిరినట్టు పైనుంచి కిందికి పడుతుంది. ఆరు వారాలకు ఇవి ఒకేలా వినిపించడం సహజం. నాకు నాలుగు నెలలు పట్టింది. వేదం నేర్పేవారు స్వరం మారినప్పుడల్లా తల, చేయి కదిపిస్తారు చూశారా, అది చేయండి. ప్రతి మాటకూ స్వరాన్ని చేతితో గాలిలో గీస్తూ బయటికి చదవండి. హాస్టల్లో నవ్వితే నవ్వనివ్వండి. ఒక్కో అక్షరాన్ని విడిగా కాక, రెండక్షరాల మాటలను జంటలుగా సాధన చేయండి. నాలుగు స్వరాలకు పదహారు జంటలు అవుతాయి. రోజూ పొద్దున ఆ పదహారూ ఒకసారి. మూడో స్వరం వెంటనే మరో మూడో స్వరం వస్తే మొదటిది రెండో స్వరంగా మారుతుంది. పలకరింపు మాట 'నీ హావ్'లో జరిగేది అదే. ఇది సంధి, అంతే. బడిలో ఇన్ని సంధులు నేర్చుకున్నవారికి మరొకటి భారం కాదు.

స్వరాలు లేకున్నా సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారులే అని మీకు ఎవరైనా చెబుతారు. నమ్మకండి. దుబాసీగా నా మొదటి ఏడాది, ఒక కర్మాగారంలో కొత్త యంత్రం బిగిస్తున్నారు. చైనా నుంచి వచ్చిన నిపుణుడు దక్షిణ ప్రాంతంవాడు. చైనీస్‌లో నాలుగును 'సు', పదిని 'షు' అనుకోండి, పెదవులు గుండ్రంగా చుట్టకుండా. నలభై అంటే 'సు-షు', పద్నాలుగు అంటే 'షు-సు'. దక్షిణాదివారిలో చాలామంది షకారాన్ని సకారంగా పలుకుతారు. అంటే రెండూ 'సు-సు' అయిపోతాయి. మిగిలిన తేడా స్వరం ఒక్కటే: పడి లేస్తే నలభై, లేచి పడితే పద్నాలుగు. ఆయన నలభై అన్నాడు, నేను పద్నాలుగు అని మనవారికి చెప్పాను. బోల్టులు ఆ లెక్కన బిగించారు. గంట తరువాత యంత్రం అదురుతుంటే ఆపేసి, ఆయన వచ్చి నా ముఖం ముందు నాలుగు వేళ్ళు చూపించి, తరువాత రెండు చూపుడు వేళ్ళను అడ్డంగా కలిపి పది గుర్తు చూపించాడు. నాలుగు ముందు, పది తరువాత. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది మా అదృష్టం. ఆ రాత్రి గదిలో ఆ రెండు సంఖ్యలను చేతితో గీస్తూ చాలాసేపు పలికాను. ఇప్పటికీ అంకెలు వస్తే వేళ్ళతో చూపించి ఖాయం చేసుకుంటాను. మీరూ ఆ వేళ్ళ గుర్తులు నేర్చుకోండి, పది వరకు ఒంటిచేతితో చూపే పద్ధతి వారికి ఉంది.

సంఖ్యల దగ్గరే మరో మాట. చైనీస్ లెక్క పదివేల మీద నడుస్తుంది, దాన్ని 'వాన్' అంటారు. మన లక్ష పది వాన్‌లు, కోటి వెయ్యి వాన్‌లు, పది కోట్లు ఒక 'యీ'. ఇంగ్లీషు మిలియన్ల మీదుగా వెళితే తల తిరుగుతుంది. లక్ష నుంచి నేరుగా వాన్‌కు వెళ్ళడం వారం రోజుల సాధన.

వ్యాకరణం దగ్గర మీకు నిజంగా సంతోషం కలుగుతుంది. 'నేను కొన్న పుస్తకం' అన్నదాన్ని ఇంగ్లీషు తలకిందులు చేస్తుంది. చైనీస్‌లో 'వో మాయ్ త షూ': నేను, కొను, -న, పుస్తకం. మాట వెంట మాట మనదే. 'నేను రేపు తిరుపతిలో' అని కాలం, స్థలం ముందు చెప్పి క్రియ తరువాత చెప్పే వరస కూడా మనదే. కాకపోతే కర్మ క్రియ వెనక్కి పోతుంది, 'తింటాను అన్నం' అన్నట్టు. అది ఒక్కటి గుర్తుంచుకోవాలి. మనం, మేము అనే తేడా ఇంగ్లీషులో లేదు, హిందీలో లేదు. ఉత్తర చైనా మాటలో ఉంది: ఎదుటివారిని కలుపుకొని మనం అనడానికి 'చాన్‌మన్', చాపలోని చకారంతో. మామూలు 'వోమన్' సాధారణంగా మేము. మా తరగతిలో ఇది ఒక పట్టాన అర్థం కాని వారి మధ్య నేను ఒక్క క్షణంలో అందుకున్నాను. ఆ భాష మీద ప్రేమ నాకు అక్కడే మొదలైంది.

లెక్కించేటప్పుడు సంఖ్యకూ వస్తువుకూ మధ్య ఒక కొలత మాట పెడతారు, పుస్తకానికి ఒకటి, కాగితానికి ఒకటి, చేపకు ఒకటి. ఉత్తరాది మిత్రులు దీన్ని చూసి వాపోతారు. 'పదిమంది ఆడవాళ్ళు' అంటున్నప్పుడు మంది ఏమి చేస్తోందో ఆలోచించండి, అదే ఇది. చుట్టరికాలూ అంతే. అన్న 'కక', తమ్ముడు 'తీతి', అక్క 'చియెచియె', చెల్లెలు 'మెయ్‌మెయ్'. పెదనాన్న వేరు, చిన్నాన్న వేరు, మేనమామ వేరు, మేనత్త వేరు. ఇంగ్లీషు అంకుల్, ఆంటీ మీదుగా వెళితే ఇవన్నీ బట్టీ పట్టాలి. 'భోజనం అయిందా' అని పలకరించే అలవాటు కూడా అక్కడ ఉంది, పాత తరంవారిలో ముఖ్యంగా. అందుకే నోటుపుస్తకంలో అర్థాలు తెలుగులో రాయండి. నిఘంటువు ఇంగ్లీషులోనే ఉంటుంది, ఫరవాలేదు. ప్లెకో అనే యాప్ ఫోనులో పెట్టుకోండి, చదివి తెలుగులోకి మార్చి రాయండి. చైనీస్ ఉచ్చారణను మాత్రం తెలుగు లిపిలో రాసే అలవాటు వద్దు. ఇక్కడ నేను రాసింది పోలిక చూపడానికి. మన లిపిలో స్వరానికి గుర్తు లేదు, అది లేని రాత మిమ్మల్ని వెనక్కి లాగుతుంది.

అక్షరాల గురించి భయం అనవసరం, సోమరితనం ప్రమాదం. చైనా 2013లో ప్రకటించిన ప్రామాణిక పట్టికలో 8105 అక్షరాలున్నాయి, వాటిలో మొదటి స్థాయివి 3500. మీకు కావలసింది ఈ 3500, అదీ నాలుగైదేళ్ళలో. ప్రతి అక్షరమూ ఒక బొమ్మ అనుకోవద్దు. చాలా అక్షరాల్లో ఒక ముక్క అర్థాన్ని, మరొక ముక్క ధ్వనిని సూచిస్తాయి. గుర్రాన్ని 'మా' అంటారు, మూడో స్వరం. గుర్రం అక్షరానికి ఎడమ పక్క స్త్రీ గుర్తు చేర్చితే 'మా', మొదటి స్వరం, అమ్మ. నోరు గుర్తు చేర్చితే ఇందాక చెప్పిన ప్రశ్న మాట 'మా'. గుర్రం మీద రెండు నోళ్ళు పెడితే 'మా', నాలుగో స్వరం, తిట్టడం. గుర్రం ఒక్కటి వస్తే నాలుగు వచ్చాయి. లెక్కల గళ్ళ పుస్తకం కొనండి, గడికి ఒక అక్షరం, గీతల వరస తప్పకుండా. రోజుకు ఎనిమిది. ఒకే అక్షరాన్ని వందసార్లు దించడం వల్ల చేయి నొప్పి తప్ప లాభం లేదు. మూడుసార్లు చూసి రాసి, పుస్తకం మూసి, మర్నాడు పొద్దున జ్ఞాపకం నుంచి రాయాలి. రానివి మళ్ళీ ఆ రోజు ఎనిమిదిలోకి వస్తాయి. నాలుగో నెలలో, ఐదో నెలలో నేర్చినవన్నీ మరిచిపోతున్నట్టు అనిపిస్తుంది. మా తరగతిలో మానేసినవారందరూ అప్పుడే మానేశారు. ఆ రోజుల్లో కొత్తవి ఆపి పాతవి తిరగేయండి, కానీ ఒక్క రోజూ కలం పట్టకుండా ఉండకండి.

ఇప్పుడు నాన్నగారి ప్రశ్న. 2015లో శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ సంస్థ షియోమీ ఫోన్ల తయారీ మొదలుపెట్టినప్పుడు మా దగ్గర చాలా ఆశ పుట్టింది. 2020లో సరిహద్దు ఘర్షణ జరిగింది. ఆ ఏడాదే చైనా పెట్టుబడులకు కేంద్రం ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది, నేరు విమానాలు ఆగాయి, నిపుణులకు వీసాలు కష్టమయ్యాయి. నా పని బాగా తగ్గింది, రెండేళ్ళు ఇంటి నుంచి పత్రాల అనువాదంతో నెట్టుకొచ్చాను. 2025 అక్టోబరులో నేరు విమానాలు మళ్ళీ మొదలయ్యాయి. రెండు దేశాల సంబంధాలు ఇలాగే ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి ఏ ఒక్క కర్మాగారాన్నో చూసుకొని ఈ చదువు చదవకూడదు. ఈ భాషకు తోడుగా మరో పని చేతిలో ఉండాలి: ఖాతాల లెక్కలు గాని, ఎగుమతి దిగుమతి పత్రాలు గాని, ఎలక్ట్రానిక్స్ పరిభాష గాని. సాదా ఉత్తరాల అనువాదం ఇప్పుడు యంత్రం చేస్తోంది. అయితే యంత్రం ముందు నిలబడి ఇద్దరి మధ్య మాట తేల్చగలవారికి, బేరం సాగుతున్నప్పుడు ఎదుటివారి మౌనం అర్థం చేసుకోగలవారికి పని ఉంది. తైవాన్‌నూ మరిచిపోకండి. అక్కడా మీరు నేర్చుకుంటున్న ఈ చైనీసే, అంటే మాండరినే, లిపి మాత్రం పాత రూపం. అక్కడి విద్యాశాఖ హ్వాయూ ఉపకారవేతనంతో భాష నేర్చుకోవడానికి విదేశీ విద్యార్థులను తీసుకుంటుంది. రెండో ఏడాది నుంచే దాని మీద కన్నేసి ఉంచండి. చైనీస్ భాషా సామర్థ్యాన్ని కొలిచే హెచ్‌ఎస్‌కె పరీక్ష ఏటా ఒక స్థాయి రాస్తూ పోతే మీ స్థాయి కాగితం మీద కనిపిస్తుంది. పాత పద్ధతిలో నాలుగో స్థాయికి 1200 మాటలు, ఐదుకు 2500. ఐదు దాటనిదే దుబాసీ పనికి ఒప్పుకోకండి. నేను దాటకముందే ఒప్పుకున్నాను, ఆ బోల్టుల సంగతి ఇందాకే చెప్పాను.

ఉద్యోగం పక్కన పెట్టి ఒక కోరిక కూడా చెప్పనివ్వండి. 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ మన ఆంధ్రదేశం మీదుగా నడిచి వెళ్ళాడు, ధాన్యకటకంలో ఆగాడు. ఇక్కడివారి మాట మధ్యదేశపు మాటకు భిన్నమని, లిపి పద్ధతి మాత్రం చాలావరకు ఒకటేనని రాసుకున్నాడు. మన భాష గురించి ఒక పరదేశి రాసిన ఆ వాక్యాన్ని నేను ఎం.ఎ.లో మూలంలో చదివాను. ఆ రోజు గ్రంథాలయంలో చాలాసేపు లేవలేకపోయాను. మన పిల్లలు దాన్ని చదివి తెలుగులోకి తేవాలని నాకు ఉంది.

రైలు ఎక్కేముందు ఒక పని చేయండి. నాన్నగారి మండీ ఖాతా పుస్తకంలో ఖాళీ పేజీ ఒకటి అడగండి. కొనడం 'మాయ్', మూడో స్వరం. అమ్మడం కూడా 'మాయ్', నాలుగో స్వరం. రెండూ కలిపితే వ్యాపారం, మన క్రయవిక్రయాలలాగే. కొనడం అక్షరానికి ఆరు గీతలు. అది రాసి, దాని నెత్తిన అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, రెండే గీతలు పెట్టండి, అమ్మడం అవుతుంది. ఆయన ముందు కూర్చుని రాసి, రెండూ చేతితో స్వరం గీస్తూ పలికి వినిపించండి. ఆయనను కూడా అనమనండి.